అన్నయ్య రక్తపరీక్ష

శనివారం పొద్దున రోడా చేపల కట్లెట్లు వేయిస్తుండగా ఆడపడుచు ఫ్లోరా గిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. కిడ్నీలు చెడిపోయి రెండేళ్లుగా డయాలసిస్ మీద బతుకుతున్న మనిషి. నాలుగు మెట్లెక్కినందుకే ఆయాసపడుతోంది.

"అన్నయ్యకు అవి పెట్టకు వదినా. ఉప్పు లేకుండా సూప్ చేసి తెచ్చా. ఇకమీదట తనకీ నా పథ్యమే."

బల్ల దగ్గర కూర్చున్న రోడా భర్త మర్డాక్ తలెత్తలేదు. చెల్లెలికి కిడ్నీ ఇస్తానని అందరికంటే ముందు అన్నది అతనే. కిడ్నీ సరిపోతుందన్నారు కూడా. తీరా చివరి రక్తపరీక్షలో, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ ఎక్కువొచ్చింది. అతని కిడ్నీలకే ఏదో అయిందేమోనని హాలిఫాక్స్ ఆసుపత్రి డాక్టర్లు అన్నీ ఆపేశారు.

"తిను అన్నయ్యా. చప్పగా ఉంటుంది, అలవాటైపోతుందిలే. ఇవ్వలేకపోయానని మనసులో పెట్టుకోకు. నువ్వు బాగుంటే చాలు నాకు."

చెంచా అతని నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

బంగాళాదుంపల కోసం కింది గదిలోకి వెళ్లిన రోడా నల్లటి డబ్బాతో పైకొచ్చింది. "దుంపల బస్తా వెనకుంది. ఏంటిది మర్డాక్?"

"కండలకి పొడి," అన్నాడతను, చెవులు ఎర్రబడుతుండగా. "హాకీలో కుర్రాళ్లు తాతా తాతా అని ఏడిపిస్తున్నారని..."

"యాభై దాటాక కండలా! సిగ్గులేకపోతే సరి," అని రోడా పకపకా నవ్వింది.

ఫ్లోరా నవ్వలేదు. డబ్బా అందుకుని చదివింది. "క్రియాటిన్. ఇది ఒంట్లో క్రియాటినిన్‌గా మారుతుంది వదినా. కిడ్నీలు బాగున్నా రక్తంలో అంకె పెరగొచ్చు. మా డయాలసిస్ నర్సు ఒకతన్ని ఇందుకే తిట్టింది." అన్న వైపు తిరిగింది. ఆమె ముఖం ఆశతో వెలిగిపోతోంది. "ఆసుపత్రిలో అడగలేదా, ఏమైనా పొడులు వాడుతున్నావా అని?"

"అడిగారు. లేదన్నాను."

"నామోషీ పడి చెప్పలేదు, అంతేగా? తర్వాత మర్చిపోయావు."

అవునంటే అయిపోయేది. తల ఊపబోయాడు. ఎదురుగా సూప్ ఇంకా పొగలు కక్కుతోంది.

"కాదు ఫ్లోరా. మొదట నామోషీయే. రిపోర్టు వచ్చాక ఈ పొడి వల్లేనేమోనని చదివి తెలుసుకున్నా. అయినా నోరు విప్పలేదు. నన్ను కొయ్యరులే అని ప్రాణం కుదుటపడింది."

రోడా నవ్వు ఆగిపోయింది. "ఆ పిల్ల వారం రోజులుగా నిన్ను ఓదారుస్తోంది! నువ్వు ఓదార్పించుకున్నావు!"

ఫ్లోరా వరండాలోకి వెళ్లిపోయింది. అతను వెనకే వెళ్లాడు కానీ గుమ్మం దాటలేకపోయాడు.

"ఇవ్వలేనంటే నేనేమైనా అనేదాన్నా?" వెనక్కి తిరక్కుండానే అంది ఫ్లోరా. "చర్చిలో ఈ వారమంతా నా గురించి దేవుణ్ణి అడగనే లేదు అన్నయ్యా. నిన్ను నాలా చెయ్యొద్దని అడుక్కున్నా."

అతను గడప మీదే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె దగ్గరికి రాలేదు.

సోమవారం తనే ఆసుపత్రికి ఫోన్ చేసి, దాచినదంతా చెప్పాడు. పొడి మానేసి కొన్ని వారాలాగి రమ్మన్నారు. వెళ్లాక మళ్లీ రక్తం చూసి, కండలతో, పొడితో సంబంధం లేని ఇంకో పరీక్ష కూడా చేశారు. కిడ్నీలు నిక్షేపంగా ఉన్నాయి.

ఆ కబురు ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. డయాలసిస్ గదికే వెళ్లి ఆమె కుర్చీ పక్కన నిలబడి, నేల చూస్తూ చెప్పాడు.

ఫ్లోరా అడిగింది. "భయం పోయిందా?"

"పోలేదు."

"అయితే వద్దులే. ఇంకెవరైనా దొరికేదాకా ఆగుతాను."

"నువ్వు ఆగొద్దు. నాకు భయమైతే భయపడుతూనే వస్తాను. నిన్ను మోసం చేసి బతకడం కంటే అదే నయం."

సూదులున్న చెయ్యి కదపకుండా, రెండో చేత్తో ఆమె అతని గడ్డం పైకెత్తింది.

"నా మొహం చూసి చెప్పు అన్నయ్యా."

అతను కళ్లెత్తి చూశాడు. చెప్పాడు.