నాలుగు చేతుల పేటి

ఐదో పలకను గాడిలోకి జార్చి దాలమ్మ కళ్ళు మూసుకుంది. పరీక్షగదిలో గాలి తీసేసి ఉంది. గాలి లేనిచోట చప్పుడూ ఉండదు. పలక నాలుక గాడి చివర పడినప్పుడు పుట్టే చిన్న టిక్కు చేతితొడుగు దాటి వేలికి తగలాలి. తగిలింది. ఆమె కళ్ళు తెరిచి ఆరో పలక అందుకుంది.

మంచుబండిలో ధూళిని ఆపే వడపోతకు కవచపేటి అది. ఒక్క మరమేకు లేదు. గాజుపొడిలాంటి చంద్రధూళి మరల్లోకి దూరితే అవి మళ్ళీ తిరగవు. లావు తొడుగుల చేతిలోంచి జారిన మరమేకు ఆ ధూళిలో పడిందంటే దొరకదు. అందుకని దాలమ్మ పేటిలో మొదటి పలకను రెండోది పట్టుకుంటుంది, రెండోదాన్ని మూడోది. ఆఖరి పలక వెళ్ళి మొదటి పలక కింద దూరుతుంది. వాళ్ళ మామ్మ తట్ట అల్లుతూ అంచు ముగించేది సరిగ్గా ఇలాగే: చివరి వెదురుబద్ద మొదటి బద్ద కిందికి. మేకు కొట్టని తట్ట తలమీద రాళ్ళు మోసేది. ఇప్పుడు అదే అల్లిక లోహంలో కూర్చుంటుంటే దాలమ్మకు ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది.

గదిలో మళ్ళీ గాలి నింపాక గోడలోంచి తూనిక గొంతు వినిపించింది. ఆవాసంలో ఏ బండి ఎంత మోయాలో, ఎవరు ఎటు పోవాలో లెక్కగట్టి చెప్పే యంత్రం అది. పేటి బరువు బాగుందని మెచ్చుకుంది. తెరిచే కొలతలు మాత్రం ఒక మనిషికి, రెండు చేతులకు సరిపోవాలని గుర్తుచేసింది. రేపటి ప్రయాణం నుంచి బండికి ఒక్కరే. రెండో మనిషి బరువు తగ్గితే అంత మంచు ఎక్కువ వస్తుంది. దాలమ్మ దగ్గర ఆ కొలతల పేటి సిద్ధంగానే ఉంది. మూత తెరిచే రెండు మీటలూ పక్కపక్కనే, పిల్లలు కూడా తీసేంత సులువు.

మధ్యాహ్నం బువ్వ వేళకు బండివాళ్ళిద్దరూ వచ్చారు. నూకాలు జుట్టు నెరిసిన మనిషి, నడకలో కాస్త కుంటు. సూరీడు ఆమెకంటే చిన్నవాడు, పొట్ట పెద్దది. ఇద్దరికీ చుట్టరికం లేదు గానీ, అతను ఆమెను అక్క వరసతో ‘అప్పా’ అంటాడు. చీకటిగోతుల్లోకి పోయి మంచు తెచ్చే పనిలో ఒకే బండి మీద ముసలివాళ్ళవుతున్నారు. సూరీడు బండిలోంచి అప్పుడే ఊడదీసిన తన కుర్చీని భుజాన మోసుకొచ్చి, పనిశాల మధ్యలో దింపి, దానిమీదే కూర్చొని గిన్నె మూత తీశాడు.

“సూడవే పిల్లా,” అంది నూకాలు. “ఈడు బరువెక్కువని తూనికమ్మకి ఇన్నాళ్ళకి తెలిసింది. నేను మొదటినుంచీ సెప్తూనే ఉన్నాను.”

“నా గురక లేకపోతే నీకు నిద్దరెలా పడుతుందప్పా?” అన్నాడు సూరీడు.

అతణ్ణి రేపు చంద్రుడి అవతలి ముఖం మీది గనికి పంపుతున్నారు. అక్కణ్ణుంచి భూమి కూడా కనబడదు.

చేతులు ఎక్కడెక్కడ పడతాయో చూడాలని, బండి నుంచి దించిన పాతపేటిని ఒకసారి తెరవమంది దాలమ్మ. దాని మూత బరువు, పట్టీలు మొండి. వాళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు, ఒక్క మాటా అనుకోలేదు. నూకాలు ఎడమచేయి వదిలిన చోటికి సూరీడు కుడిచేయి వచ్చేసింది. ఆమె కుంటికాలి మీద బరువు పడబోయే ముందే అతను మూతను తనవైపు వంచుకున్నాడు. తను కొలిచి, గీసి, అరగదీసి పలకల చేత చేయించే పనిని ఈ ఇద్దరూ ఉత్త చేతులతో చేస్తుంటే దాలమ్మ అలా చూస్తుండిపోయింది. ఏ గాడీ అంత నున్నగా కుదరదు.

ఒంటరిగా పోవడం ఎలా ఉంటుందో సూరీడికి తెలుసు. ఒకసారి నూకాలికి జ్వరమొస్తే ఒక్కడే గోతిలోకి దిగాడట. ఆ సంగతి నవ్వుతూనే మొదలుపెట్టాడు గానీ, చెబుతూ చెబుతూ ముద్ద చేతిలోనే ఉంచేశాడు.

“ఖాళీ కుర్చీతో మాటాడీవోణ్ణి. మూడో మజిలీకొచ్చేసరికి అది నాకు బదులు సెప్పడం మొదలెట్టింది. అప్పుడు భయమేసింది. అప్పని అలా పంపకు, దాలీ.”

నూకాలు అతణ్ణి తిట్టలేదు. నీళ్ళ గ్లాసు అతని వైపు జరిపి, కిటికీలోంచి బండిని చూస్తూ ఉండిపోయింది.

కుర్చీని, గిన్నెను అక్కడే వదిలి వాళ్ళు వెళ్ళాక దాలమ్మ తన పేటి రెండు మీటలనూ విప్పింది. ఒకదాన్ని పేటి ఎడమ అంచుకు, రెండోదాన్ని కుడి అంచుకు జరిపింది. నడిమి దూరం మనిషి బారకంటే ఎక్కువ. రెండూ ఒకేసారి నొక్కితేనే ఆఖరి పలక కదులుతుంది. నిజానికి గుబులు పుట్టాకే ఆమె చెయ్యి బాగా సాగుతుంది. దారిలో ఒకరు జబ్బుతో పడిపోతే? ఆ ప్రశ్నను తూనిక కంటే ముందు తనే వేసుకొని, వడపోతను పట్టుకొని చాలాసేపు కూర్చుంది. ముందుకు పోవాలంటే మజిలీ మజిలీకీ దాన్ని మార్చాలి. తొక్కిన దారినే వెనక్కి రావడానికైతే ధూళి తక్కువ, అందులో ఉన్నదే చాలు. అంటే ఒంటరైనవాళ్ళు ముందుకు పోలేరు, ఇంటికి మాత్రం రాగలరు. అప్పుడు ఆమె వడపోతను పేటిలో అమర్చింది.

పేటిని కుదుపులకు పరీక్షించే అదురుబల్ల మీద పెట్టింది. మీటలు దగ్గరగా ఉన్నప్పుడు ఇదే పేటి పెద్ద కుదుపుకు రెండుసార్లు నోరు తెరిచింది. ఇప్పుడు తెరవలేదు. బల్ల శక్తి అయిపోయింది గానీ ఆరు పలకలూ వెంట్రుకవాసి కదల్లేదు. తను చేసినదే అయినా దాలమ్మ దాన్ని అరచేత్తో నిమిరింది.

“ఇంత గట్టి పేటి ఇంతవరకు రాలేదు,” అంది తూనిక. “ఒక మనిషి దీన్ని తెరిచే పద్ధతి చెప్పాలి.”

“తెరవలేడు.”

“కొలతల్లో ఒక మనిషి అని ఉంది.”

“తెలుసు. అది తప్పని నేను రాసి, సంతకం పెడుతున్నాను. దగ్గరి మీటల పేటి కుదుపుకు తెరుచుకుంటుంది. దానికి నేను ముద్ర వెయ్యను. దీనికి వేస్తాను. దీనికి ఇద్దరు కావాలి.”

రూపకర్త ముద్ర లేకుండా ఏ పేటీ బండెక్కదు. ఆ నియమం తూనిక పెట్టుకున్నదే. గోడ మీద రేపటి ప్రయాణం లెక్కలు వెలిగాయి, ఆరిపోయాయి, మళ్ళీ వెలిగాయి. మంచు బరువు పెరిగింది, తగ్గింది. అంతవరకు ఎవరికైనా చెప్పడమే గాని, ఎవర్నీ ఏదీ అడిగి ఎరగని గొంతు చివరికి అడిగింది:

“రెండో మనిషి బరువును ఎక్కడ తగ్గించాలి?”

“మంచులో,” అంది దాలమ్మ.

లెక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆమె వెనక్కి తిరిగి చూస్తే పనిశాల మధ్యలో కుర్చీ లేదు. గిన్నె మాత్రం అక్కడే ఉంది. గుమ్మం దగ్గర నిలబడి సూరీడు ఎంతవరకు విన్నాడో, కుర్చీని ఎప్పుడు ఎత్తుకుపోయాడో తెలియదు.

అవతలి బండిశాలలో ఏదో బరువుగా జారింది. ఆ కుర్చీ కాళ్ళు బండిలో దిగే గాడులు తీసింది కూడా దాలమ్మే, కొత్తగా పనిలో చేరిన రోజుల్లో. ఆమె అడుగు తీయకుండా నిలబడింది. నేల గుండా, అరికాళ్ళ కింద, చిన్నగా టిక్కుమంది.