మిట్టమధ్యాహ్నం వచ్చిన ట్యాంకర్

"సోమవారం సరిగ్గా ఒంటిగంటకు సోలార్ ఇన్వర్టర్లన్నీ ఒకేసారి ఆపేస్తారు. గ్రిడ్ కూల్చడమే విదేశీ ముఠా ప్లాన్," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్, ఫోన్‌లో నవనీత్‌తో.

"బొగ్గు ప్లాంట్లు ఆదుకోవా, సార్?"

"మధ్యాహ్నం సోలార్ దండిగా వస్తుంది కనుక వాటిని తగ్గించి నడుపుతారు. తిరిగే టర్బైన్ల బరువు కొన్ని సెకన్లే గ్రిడ్‌ను నిలబెడుతుంది. బొగ్గు పెంచి ఆవిరి పెంచాలంటే నిమిషాలు. ఆరిన బాయిలర్‌కైతే గంటలు. ఈలోగా ఆపరేషన్ థియేటర్లు చీకటి."

"ధనశ్రీ ఏమంటోంది?"

"ముఠాలో ఉన్న మన మనిషి కదా, ఆమెకే తెలుసు. దాడి కంట్రోల్ రూమ్ నుంచే జరుగుతుందని చెప్పింది. అక్కడుండు."

రాయచూరు పక్కన గిల్లేసూగూరు దగ్గర సోలార్ పార్కులో గూఢచారి నవనీత్ ఇరవైరెండు రోజులుగా తిరుమలేశ్ అనే మారుపేరుతో ఉన్నాడు. ప్యానెళ్లు కడిగే కూలీ. అతని వాచీ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ చూపిస్తుంది; అది యాభై దగ్గరుంటే గ్రిడ్ క్షేమం. 50.00, 49.99, 50.01. అద్దెగదిలో ఆ అంకెను చూస్తూ ఒంటరిగా తినేవాడు. ఎవరిదో నాడి చేతికి తగులుతున్నట్టుండేది.

ధనశ్రీ ఇన్వర్టర్ల కన్సల్టెంట్. తెల్ల హెల్మెట్ కింద ముత్యాల దుద్దులు. ఎవరూ లేనప్పుడు మెల్లగా, "నవనీత్, తిన్నారా?" అనేది. అసలు పేరుతో పిలిచేది ఆమె ఒక్కతే. అందుకే నమ్ముతున్నానని అతనికి తెలుసు. తెలిసినా నమ్మకం తగ్గలేదు.

సోమవారం పన్నెండు యాభై. కంట్రోల్ రూమ్‌కు వెళ్తుంటే కూలీల మేస్త్రీ హంపమ్మ ఆపింది.

"ఏంది తిరుమలేశూ, గా చివరి లైన్ల ట్యాంకర్ ఎవరిది?"

"కడగనీకి వచ్చిండ్రేమో, అక్కా."

"గీ ఎండలనా? దిమాక్ ఉందా నీకు? కాలిన అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పటుక్కున పలుగుతది. మనం తెల్లారకముందే కడుగుతమా లేదా? గేట్ పాస్ మీద సంతకం మాత్రం మీ తెల్లటోపీ మేడందే!"

నవనీత్ నిలబడిపోయాడు. కరెంటు గురించి ధనశ్రీకి అంతా తెలుసు. కడగడం గురించి ఎవరినీ అడగలేదు. ఆ ట్యాంకర్ కడగడానికి వచ్చింది కాదు.

ఎడమవైపు కంట్రోల్ రూమ్. కుడివైపు ట్యాంకర్. అతను కుడివైపు పరుగెత్తాడు.

"నీళ్లు వదులు," అన్నాడు డ్రైవర్‌తో. డ్రైవర్ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. బ్రష్ కర్ర అంతకంటే ముందే అతని మణికట్టు మీద పడింది. పిస్టల్ ఎగిరి మట్టిలో పడింది. రెండో దెబ్బకు డ్రైవరూ పడ్డాడు.

మూత ఎత్తి చూస్తే ట్యాంకులో నీళ్లు లేవు. బ్యాటరీలు, ఇన్వర్టర్లకు ఆగమనే సంకేతం పంపే ట్రాన్స్‌మిటర్, దాని మీద తగ్గుతున్న అంకెలు. మూడు. రెండు.

నవనీత్ రెండు చేతులతో కేబుల్ పీకేశాడు. వాచీ వైపు చూశాడు. 49.98. 49.99. 50.00.

అరగంట తర్వాత కంట్రోల్ రూమ్ బయట, నవనీత్ కబురుతో వచ్చిన పోలీసులు ధనశ్రీని జీపు ఎక్కిస్తున్నారు.

"మీకోసం ఎదురుచూశాను," అంది.

"ఎందుకు?"

"ఒంటిగంట దాకా మిమ్మల్ని అక్కడే కూర్చోబెట్టాలని. అదే నా పని, నవనీత్."

జీపు వెళ్లిపోయింది. ఇక ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు.

ఆ మధ్యాహ్నం రాయచూరులో ఒక్క ఫ్యానూ ఆగలేదు. కాబట్టి ఎవరూ తలెత్తి చూడలేదు.