దెల్ఫోర్ పెరట్లో ఐదు మొక్కలు

దెల్ఫోర్ బీదెగాయిన్ లోపలికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నప్పుడు అతని చేతులు వణుకుతున్నాయి. భయపడ్డాడనుకున్నాడు వాషింగ్టన్. ఆ తరువాత ఎప్పుడు ఆ పొరపాటు గుర్తొచ్చినా అతని చెవులు వేడెక్కేవి.

"చంపేశారు నేలిదా గారూ. ఆరు గంజాయి మొక్కల్లో ఐదింటిని నిలువునా చంపేశారు. కోతకి ఇంకా మూడు వారాలే ఉంది. మా ఆవిడ ఇర్మా మోకాళ్ళకి ఏడాది పొడుగునా రాసే నూనె వాటి పూలతోనే కాస్తాం. మాత్రలు మింగితే ఆమె కడుపు తట్టుకోదు."

నేలిదా ఇరావోలా ముప్పై ఏళ్ళపాటు బీమా కంపెనీ తరఫున కాలిన గోదాములనూ మునిగిన పడవలనూ పరీక్షించిన మనిషి. రిటైరయ్యాక సముద్రపు ఒడ్డునున్న లా ఫ్లోరెస్తా అనే ఊళ్ళో తన ఇంటి ముందుగదికే ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు తగిలించింది. బస్సు డ్రైవరుగా రిటైరైన వాషింగ్టన్ పీరిస్ ఆవిడకి సహాయకుడు. పాతికేళ్ళు అద్దంలోంచి ప్రయాణికుల మొహాలు చూశాను, మనిషిని చూస్తే ఇట్టే చెప్పేస్తానని అతని నమ్మకం. ఆవిడ మొహాలను అంతగా పట్టించుకునేది కాదు.

"ఎవరి మీద అనుమానం?" అంది నేలిదా.

"అనుమానమేంటండీ, ఖాయం. పక్కింటి ఎవారిస్తో. రెండేళ్ళుగా మా సంఘంలో మేలైన మొక్కలకిచ్చే కప్పు వాడిదే. ఈసారి నా మొక్కలు వాడి వాటికంటే ఏపుగా లేచాయి. చూసి ఓర్చుకోలేకపోయాడు."

"మొక్కలకి ఏం వేస్తావు?"

"అంతా సహజమే. వానపాముల ఎరువు, అరటి తొక్కలు నానేసిన నీళ్ళు, మాతే టీ తాగేసిన పిప్పి. రసాయన మందు చుక్క కూడా వెయ్యను, అందరికీ తెలుసు."

"ఇంకేమైనా?"

"ఇంకేం లేదు" అన్నాడు దెల్ఫోర్, అడిగీ అడగకముందే.

అతను వెళ్ళాక వాషింగ్టన్ ఉత్సాహంగా జరిగిందంతా చెప్పాడు. ఊళ్ళో చట్టం ఒప్పుకున్నట్టే ఇంటి పెరట్లో ఆరేసి గంజాయి మొక్కలు పెంచుకునే పదకొండు కుటుంబాలకి ఒక సంఘం ఉంది. అందులో వాషింగ్టన్ కూడా ఉన్నాడు. ప్రతి శనివారం మధ్యాహ్నం బోచాస్ బంతులాట ఆడే షెడ్డులో కలుస్తారు. పోయిన శనివారం దెల్ఫోర్ అందరి ముందూ లేచి, నా మొక్కల్ని చంపింది నువ్వేనని ఎవారిస్తోని వేలెత్తి చూపించాడు. ఎవారిస్తో అరవలేదు, తిట్టలేదు. "నేలిదా గారిని పిలిపించండి. ఆవిడ నేనే అని తేలిస్తే నా ఆరు మొక్కలూ నేనే పీకి పారేస్తాను" అన్నాడు. సంఘం సరేనంది. వచ్చే శనివారం సంఘంలో ఎవారిస్తో పేరు ఉంచాలో కొట్టెయ్యాలో తేలుతుంది.

"ఆ రోజు మాతే పోసింది ఎవరు?" అంది నేలిదా.

వాషింగ్టన్ ఉత్సాహం సగానికి తగ్గింది. "నేనే."

"ఎవారిస్తోకి పోశావా?"

మాతే టీ పోసిన ఒకే సొరబుర్ర వరసగా చేతులు మారుతూ తిరగాలి. ఆ వరసలో ఒక మనిషిని దాటెయ్యడమంటే పదిమందిలో చెంప మీద కొట్టడమే. వాషింగ్టన్ అతన్ని దాటేసి పక్కవాడికి అందించాడు. ఒక్కరూ ఇదేమిటని అనలేదు. ఎవారిస్తో టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"దాటేశాను" అన్నాడు వాషింగ్టన్.

"ఏ ఆధారం చూసి?"

అతను కుర్చీలు సర్దసాగాడు. ఆవిడ చెప్పులు వేసుకుని బయల్దేరింది.

దెల్ఫోర్ పెరట్లో ఐదు పెద్ద కుండీలు ఎవారిస్తో ఇంటివైపు గోడ వెంట వరసగా ఉన్నాయి. మొక్కలు నిలబడే చచ్చాయి. ఆకుల అంచులు మాడి గోధుమరంగుకి తిరిగాయి. మట్టి మీద, కాండం చుట్టూ, సన్నటి తెల్లని పొర కట్టింది. నేలిదా చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది.

"ఉప్పు" అంది.

"చూశారా! గోడ మీంచి ఉప్పునీళ్ళు గుమ్మరించాడు!" అన్నాడు దెల్ఫోర్.

ఆవిడ రెండో కుండీ మట్టిని వేళ్ళతో కెలికింది. ఇసుక, గోరంత గవ్వ ముక్క బయటపడ్డాయి. వాటిని రుమాలులో కట్టుకుంది. తరువాత గోడ దగ్గరికి వెళ్ళింది. ఇవతలివైపు, నడుము ఎత్తున, పాకుడు ఒకచోట గీరుకుపోయి ఉంది. దాని కిందే ఒక చెక్కపెట్టె బోర్లించి ఉంది. మూలన నీలం పీపా తళతళలాడుతోంది. మూత తీసి వాసన చూసిన నేలిదాకి బ్లీచింగ్ ఘాటుకి కళ్ళు చెమర్చాయి.

ఆరో కుండీ వంటింటి మెట్టు మీద పచ్చగా, పూగుత్తులతో బరువుగా ఊగుతోంది. దాని పక్కన ఇర్మా మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది.

"ఇది నాది. దీనికి పంపు నీళ్ళు, మాతే పిప్పి, అంతే. ఆయన్ని దీని దగ్గరికి రానివ్వను. ఎప్పుడూ ఏదో ఒక ప్రయోగం చేస్తాడు" అని నవ్వింది ఇర్మా.

దెల్ఫోర్ నవ్వలేదు. వాషింగ్టన్ అదీ చూశాడు, పాపం బాధలో ఉన్నాడని సరిపెట్టుకున్నాడు.

పక్కింట్లో ఎవారిస్తో తలుపు తీశాడు గాని లోపలికి రమ్మనలేదు. వాషింగ్టన్ వైపు చూడనే లేదు. పెరట్లో అతని ఆరు మొక్కలు మనిషెత్తున ఉన్నాయి. షెడ్డు రేకుల మీద ఏదో ఎండిపోయి, తెల్లబడి, పరిచి ఉంది.

"అదేమిటి?" అంది నేలిదా.

"సముద్రపు నాచు. సెప్టెంబరులో తుఫాను ఒడ్డుకి కొట్టేసినప్పుడు ఏరుకొచ్చాను. పీపాలో నెల నానబెట్టి, ఆ నీళ్ళు పలచగా పోస్తాను. మొక్కలు ఇలా లేవడానికి అదే కారణం."

"రేకుల మీద ఎందుకు?"

"మూడు పెద్ద వానలు పడి కడగాలి. అప్పటిదాకా దించను. ఇది డిసెంబరు లోపే అలా శుభ్రపడింది, వాడగా మిగిలింది. మా నాన్న కూరగాయలకి అలాగే చేసేవాడు."

"ఈ సంగతి ఎవరికి తెలుసు?"

"అడిగినవాడికి చెప్తాను. ఇంతవరకు ఎవడూ అడగలేదు."

తిరిగొస్తుంటే వాషింగ్టన్ ఆకాశం వైపు చూశాడు. జనవరి నుంచి లా ఫ్లోరెస్తాలో చినుకు పడలేదని అతనికి అప్పుడే గుర్తొచ్చింది. ఆవిడతో ఆ మాట అనబోయి ఊరుకున్నాడు, అంటే శనివారం తను చేసింది తప్పని తనే ఒప్పుకున్నట్టవుతుంది.

శనివారం షెడ్డులో అందరూ బెంచీల మీద కూర్చున్నారు. ఇర్మాని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. ఎవారిస్తో తలుపు దగ్గరే నిలబడ్డాడు. నేలిదా రుమాలు విప్పి బల్ల మీద పెట్టింది.

"మొక్కల్ని ఉప్పు చంపింది. అందులో అనుమానం లేదు. కానీ గోడ మీంచి ఎవరైనా గుమ్మరిస్తే ఒక పక్కే తడుస్తుంది, కుండీ అంచుల మీదా నేల మీదా చిందుతుంది. ఈ ఐదింటిలో కాండం చుట్టూ సమానంగా పొర కట్టింది. ఎవరో దగ్గర నిలబడి, తాపీగా, ప్రేమగా పోశారు. ఒకసారి కాదు, చాలాసార్లు."

"దొంగతనంగా వచ్చి పోసి ఉంటాడు" అన్నారెవరో.

"మరి పగతో వచ్చినవాడు వంటింటి మెట్టు మీదున్న ఆరోదాన్ని ఎందుకు వదిలేశాడు? బాగా పూసింది అదే కదా. ఆ ఆరోదాని జోలికి వెళ్ళకూడదని ఒక మనిషికే ఆంక్ష ఉంది."

ఇర్మా నెమ్మదిగా భర్త వైపు తిరిగింది.

"ఈ ఇసుకా గవ్వముక్కా నాచుకి అంటుకుని వచ్చాయి" అంది నేలిదా. "గోడ పాకుడు దెల్ఫోర్ వైపు నుంచే గీరుకుపోయింది. పెట్టె ఎక్కి అవతలి పీపాలోకి ఎవరు తొంగిచూశారో దాన్నిబట్టే తెలుస్తుంది. నాచు నానబెట్టడం చూశాడు. రేకుల మీద అది ఎందుకుందో చూసినా అర్థం కాలేదు, అడగడానికి నామోషీ. ఒడ్డు నుంచి తెచ్చింది తెచ్చినట్టే తన పీపాలో వేశాడు. దానికున్న ఉప్పు కడగడానికి వానైనా పడలేదు. మొక్కలు వాడుతుంటే బలం చాలడం లేదనుకుని ఇంకాస్త పోశాడు. తరువాత ఎప్పుడో నాలాగే మట్టి రుచి చూసి ఉంటాడు. అప్పుడే పీపాని బ్లీచింగ్ వేసి కడిగాడు. నన్నడిగితే అది వేలెత్తి చూపించాక జరిగింది. అవునా దెల్ఫోర్?"

దెల్ఫోర్ చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. మొదటిరోజు అవి వణికింది భయంతో కాదు, సిగ్గుతోనని వాషింగ్టన్‌కి అప్పుడు తెలిసింది.

"ఆ శనివారం నిజంగానే వీడనుకున్నాను. దేవుడి మీదొట్టు" అన్నాడు. "ఆదివారం పొద్దున తెలిసింది. తెలిశాక... ఏమని చెప్పను? నలభై ఏళ్ళ స్నేహితుడి గోడెక్కి దొంగచూపులు చూశానని చెప్పనా? ఇర్మా నూనెని నా చేతులతోనే తగలేశానని చెప్పనా?"

"బ్లీచింగ్ వాసన నాకూ వచ్చింది" అంది ఇర్మా. "ఎందుకని అడగలేదు. నాదీ తప్పే." ఆమె తల దించుకుంది.

బెంచీల మీద అందరికీ తమ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎవారిస్తో తలుపు వదిలి రెండడుగులు లోపలికి వేశాడు. "అడిగితే చెప్పేవాణ్ణి కదరా. నాచు కూడా నేనే మోసుకొచ్చి ఇచ్చేవాణ్ణి." అతను ఇర్మా వైపు తిరిగాడు. "వదినా, నా కోతలో సగం నీది. నూనె కాచి నేనే పట్టుకొస్తాను. దెల్ఫోర్, నువ్వు మాత్రం నా గుమ్మం ఎక్కకు. ఎప్పటిదాకా అంటే నాకూ తెలీదు."

దెల్ఫోర్ తలూపాడు. ఏడుస్తున్నాడు.

వాషింగ్టన్ లేచి నిలబడ్డాడు. ఏం చెప్పాలో రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి. "ఎవారిస్తో, నేను కూడా... ఆ రోజు నిన్ను దాటేశాను. తప్పు చేశాను."

ఎవారిస్తో వారం రోజుల్లో మొదటిసారి అతని మొహంలోకి చూశాడు.

"వీడి సంగతి నాకు అర్థమైంది" అన్నాడు దెల్ఫోర్ వైపు చెయ్యి చూపిస్తూ. "మొక్కలు పోయాయి, బుర్ర పోయింది, ఆ తరువాత సిగ్గేసి నోరు పెగల్లేదు. నీకేం పోయింది వాషింగ్టన్? నువ్వెందుకు చేశావు?"

నేలిదా కూడా అతని వైపే చూస్తోంది. వాషింగ్టన్ నిజాయితీగా వెతికాడు, కారణం ఒక్కటీ దొరకలేదు.