గది కంటే చల్లని ఎలక్ట్రాన్

పెళ్లై రెండు నెలలైనా కోడలికి ఆ ఇంట్లో అన్నీ కొత్తగానే ఉన్నాయి. పొద్దున్నే కిటికీ తెరిస్తే టేబుల్ మీద పడే ఎండ ముక్క కూడా తనకోసమే వచ్చినట్టుంటుంది. ఆ ఎండలోనే లాప్‌టాప్ పెట్టుకుని ఎలక్ట్రాన్లను నత్రజని వాయువులోకి వదులుతోంది. నిజమైన ఎలక్ట్రాన్లు కావు, లెక్కల్లో పరిగెత్తేవి. అణువులను ఢీకొంటూ అవి ఎలా నెమ్మదిస్తాయో కనిపెట్టడమే పరిశోధనాలయంలో ఆమె పని.

"ఈ చుక్క ఎక్కడికమ్మాయ్ అంత పరుగు?" అత్తగారు కళ్లజోడు సవరించుకుని లాప్‌టాప్ తెర మీదికి వంగింది. ఏళ్ల తరబడి బట్టలు కుట్టిన మనిషి, దేన్నైనా దగ్గరగా చూడందే వదలదు.

"అణువును గుద్దడానికి అత్తయ్యా. ఊరికే తగిలితే గోడకు కొట్టిన బంతిలా వెనక్కొచ్చేస్తుంది, దాని శక్తి పెద్దగా తగ్గదు. కానీ ఆ దెబ్బకి అణువు గిర్రున తిరిగిందనుకోండి, ఆ శక్తి దీని దగ్గర్నుంచే లాక్కుంటుంది."

"దొంగమొహంది! చివరికి దీనికేం మిగులుతుంది?"

"గదిలో ఎంత వెచ్చదనం ఉంటే అంత. నాదేమో ఇంకా కిందికి జారి, గది కంటే చల్లబడిపోతోంది. తప్పెక్కడో అంతుచిక్కట్లేదు."

అత్తగారు నవ్వుతూ సింకులోని గిన్నెలవైపు నడిచింది. కోడలు పరుగున వెళ్లి చేతులు పట్టుకుంది. "మీరు కూర్చోండి అత్తయ్యా, నేనున్నాగా!" ఆమె చేత ఇక ఏ పనీ చేయించకూడదని కొత్త దంపతులు పెళ్లైన రోజే ఒట్టు పెట్టుకున్నారు.

అత్తగారు లోపలికి వెళ్లి, కాసేపటికి సంచితో వచ్చింది. "మధ్యాహ్నం బస్సుకి చెల్లెలి దగ్గరికి పోతున్నా. ఇక అక్కడే ఉంటా."

కొడుకు గడ్డం నురగతోనే పరిగెత్తుకొచ్చాడు. "మేమేం తక్కువ చేశామమ్మా?"

"తక్కువైతే బాగుండేదిరా! టీ చేతికి, దుప్పటి కాళ్లకి అందిస్తారు. నేనేదైనా ఇవ్వబోతే చేతులు పట్టుకుంటారు. అక్కడ మా చెల్లెలు బట్టల గుట్ట ముందు పడేసి, కుట్టవే అక్కా అంటుంది. ఇక్కడ నేను అద్దాల బీరువాలో బొమ్మని."

"ప్రేమతోనే కదమ్మా..."

"కాదన్నానా? తీసుకుని తీసుకుని అలసిపోయానురా."

కోడలు లాప్‌టాప్ వైపు తిరిగింది.

"ఇప్పుడా నీ ఎలక్ట్రాన్లు!" భర్త విసుక్కున్నాడు.

"ఒక్క నిమిషం ఉండు. లెక్కలో అణువులు శక్తిని తీసుకోవడమే రాశాను. అప్పటికే తిరుగుతున్న అణువుకి ఎలక్ట్రాన్ తగిలితే, ఆ అణువు తన శక్తిని దానికి తిరిగి ఇవ్వగలదు. ఆ దారి నేనే మూసేశాను." ఆమె కళ్లు నిండాయి. "అత్తయ్యా, మీకూ అలాగే మూసేశాను. వెళ్లకండి. మీరిచ్చేది మాకు కావాలి."

అత్తగారి చూపు కోడలి జాకెట్టు మీద ఆగింది. "ఆ చంక దగ్గర కుట్టు ఊడి ఎన్నాళ్లయింది? ఇలాగే ఆఫీసుకి పోతున్నావా? ఒరేయ్, సూదీ దారం తే. పిన్నికి ఫోన్ చేసి నేను రావట్లేదని చెప్పు."

అత్తగారు కుడుతుంటే కోడలు ఒక చెయ్యి చాపి నిలబడి, రెండో చేత్తో ఆ తిరిగిచ్చే దారిని లెక్కలో చేర్చింది. తెర మీద ఎలక్ట్రాన్ల వేడిని చూపే గీత దిగుతూ దిగుతూ సరిగ్గా గది వెచ్చదనం దగ్గర నిలిచింది.

"ఆగింది!" అంటూ ఎగిరింది.

"కదలకు! సూది గుచ్చుకుంటుంది, బుద్ధుందా?" అత్తగారు కసిరింది.

పెళ్లయ్యాక ఆమె కోడల్ని కసరడం అదే మొదటిసారి. కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.