గమ్యం చేరేదాకా తెరవకూడదు

"అయ్యో, అది అమ్మేది కాదండీ! టెస్టరు!"

ఎయిర్‌పోర్టులో సెంటు షాపు అమ్మాయి నా చేతిలోంచి సీసా లాక్కుంది. లైనులో వెనకవాళ్లు కిసుక్కున నవ్వారు. మిగతావన్నీ అట్టపెట్టెల్లో దాక్కుంటే ఇదొక్కటే బయట కనిపించింది, తెచ్చేశాను. అది అందరూ వాసన చూసే సీసా అని నాకేం తెలుసు?

నేను లిఫ్టుల బ్రేకులు పరీక్షించే మెకానిక్‌ని. ఆఫీసులో నా పేరు 'బ్రేకు'. పనిని బట్టి కాదు, ముఖ్యమైన మాట మధ్యలో ఆగిపోతానని. ఆ పేరు పెట్టింది డ్రాయింగ్ సెక్షన్ అమ్మాయి. ఇద్దరం ఒకే పని మీద ఈ ఊరు వచ్చాం. ఇప్పుడు నేను ఇంటికి, తను రెండేళ్ల పాటు కొత్త బ్రాంచికి. ఈ పూట మనసులో మాట చెప్పకపోతే ఇక అంతే సంగతులు.

"ఎవరికండీ?" అంది షాపు అమ్మాయి, కొత్త సీసా తీస్తూ.

"మా... ఆఫీసుకి."

"ఆఫీసుకి సెంటా! సరే, బోర్డింగ్ పాస్ ఇవ్వండి."

"సెంటు కొనడానికీ విమానం టికెట్టు కావాలా?"

ఆ అమ్మాయి పాసులో నా పేరు చూసి బిల్లు కొట్టింది. బిల్లుతో సహా సీసాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి సీలు వేసేసింది.

డ్రాయింగ్ సెక్షన్ అమ్మాయి ఎక్కే గేటు దగ్గరికి వెళ్లానో లేదో, తను ముక్కు మూసుకుంది.

"ఏంటి బ్రేకు గారూ, షాపంతా ఒంటికి పూసుకొచ్చారా?"

వాసన చూడమని ఇచ్చిన కాగితం ముక్కలన్నీ నా జేబులోనే ఉన్నాయి. పారేస్తే బాగుండదేమోనని దాచాను.

సంచి చాచాను. "మీకే. ఎందుకంటే... నేను... మిమ్మల్ని..."

బ్రేకు పడింది.

తను సంచి తిప్పి చూసింది. "నేను మధ్యలో విమానం మారాలి, అక్కడ మళ్లీ తనిఖీ చేస్తారు. బిల్లు మీ పేరున ఉంది, నన్ను తీసుకెళ్లనివ్వరు."

"పోనీ, ఇక్కడే తెరిచేస్తే?"

"సంచి మీద రాసింది చదవలేదా? గమ్యం చేరేదాకా తెరవకూడదట."

చచ్చాం! నా నోటికి తోడు దీనికీ సీలే.

ఇంతలో తన విమానానికి ఆఖరి పిలుపు వినిపించింది. తను బ్యాగు భుజాన వేసుకుని లేచింది.

"మీరంటే నాకిష్టం! చాలా ఇష్టం! మీరు లేకపోతే ఆఫీసులో నాకు దిక్కుతోచదు!"

అరిచేశాను. పాసులు చూసే ఆవిడ కూడా తలెత్తింది.

"అబ్బ, ఎక్కడా ఆగకుండా వచ్చేసింది!" నవ్వుతోంది గానీ తన కళ్లు తడిగా ఉన్నాయి. సంచి మళ్లీ నా చేతిలో పెట్టింది. "తెరవకుండా దాచండి. సెలవు దొరకగానే పట్టుకురండి."

"ఎక్కడికి?" అన్నాను వెర్రిమొహం వేసుకుని.

"గమ్యానికి!"

తను లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట నా బుర్రకెక్కేసరికి మైకులో నా పేరు పిలుస్తున్నారు. సంచి గుండెకు హత్తుకుని ఒకటే పరుగు తీశాను. తీరా చూస్తే నేను చేరింది వేరే గేటుకి.