అవ్వ చూడని వెబ్‌సైట్

ఫెబాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తాను చేసిన పని చూసి బాగుందన్నవాళ్ళు, ఆ వెంటనే "ఏం చదివినావమ్మా?" అని అడుగుతారేమోనని. ఇంటర్ మొదటి ఏడాది మధ్యలోనే ఆగిపోయిన చదువు ఆమెది. ఇరవై ఆరేళ్ళు వచ్చినా, నాలుగేళ్ళ కూతురికి తల్లయినా, ఆ ప్రశ్న భయం మాత్రం పోలేదు.

పని దగ్గర మాత్రం ఆమెకు తడబాటు లేదు. ఫోనులో వీడియోలు చూసి వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుంది. మదనపల్లెలో పట్టుచీరల కొట్టుకు ఒకటి, హార్స్లీ హిల్స్‌లో గదులు అద్దెకిచ్చేవాళ్ళకు ఒకటి చేసింది. అనుభవంతో నేర్చుకున్నవి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంది. వచ్చినవాళ్ళకు ఏం కావాలో అదే ముందు కనిపించాలి. బటన్ బొటనవేలికి అందాలి. ఫోటో బరువు తగ్గించకుండా ఎక్కించకూడదు. రెండు రంగులు దాటితే మూడో రంగు ఎందుకో చెప్పగలగాలి.

ఆ రోజు పొద్దున పుంగనూరులో ఆ చిన్న ఇంట్లో రోజూ ఉండే సందడే. భర్త బ్లెస్సన్ తెల్లవారకముందే బస్సు డ్యూటీకి వెళ్ళాడు. అతను మదనపల్లె, కుప్పం మధ్య తిరిగే ప్రైవేటు బస్సు డ్రైవరు. కూతురు హెప్సి రాగి జావ గ్లాసు పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది. ఫెబా లాప్‌టాప్ ముందు కూర్చుని కుప్పంలోని ఒక కంటి ఆసుపత్రి వెబ్‌సైట్‌కు చివరి మెరుగులు దిద్దుతోంది. పదకొండు గంటలకు ఆసుపత్రి మేనేజరు గురుమూర్తి చూస్తానన్నాడు. ఆయన ఒప్పుకుంటే ఆసుపత్రి పని ఇక ఎప్పుడూ ఆమెదే.

"అత్తా, ప్రార్థన చేస్తావా?" అని పిలిచింది.

కొత్తగా ఏది మొదలుపెట్టినా ముందు అత్త పుష్పమ్మ చెయ్యి పెట్టి ప్రార్థన చేయాలి, అది ఆ ఇంటి పద్ధతి. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసిన మనిషి. కుట్టుమిషను మీద చెయ్యి పెట్టింది, గ్యాసుపొయ్యి మీద పెట్టింది, కొడుకు నడిపే బస్సు స్టీరింగు మీద కూడా పెట్టింది. ఇప్పుడు లాప్‌టాప్ మూత మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఈ బిడ్డ చేతి పనిని దీవించు. దీన్ని చూసేవాళ్ళకు మేలు జరగనీ. ఆమేన్."

సరిగ్గా అప్పుడే హెప్సి కాలికి తగిలి చార్జరు ఊడింది. బ్యాటరీ చచ్చిన పాత లాప్‌టాప్ అది. తెర ఆరిపోయింది. కిటికీ వెలుతురు దానిమీద పడి మెరుస్తోంది.

పుష్పమ్మ కళ్ళు తెరిచి తెర వంక చూసింది. "బాగుండాది మా. రంగులు బాగ కుదిరినాయి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఫెబా చార్జరు మళ్ళీ గుచ్చింది. నల్లటి తెరను చూసి రంగులు కుదిరాయంటుందా! ఇన్నాళ్ళూ మెచ్చుకున్నదంతా ఇంతేనన్నమాట. ఏది చూపించినా సరిగ్గా చూడకుండానే "బాగుండాది లే" అనేది. చదువు లేనిదాని పనికి ఆ మాత్రం చాలనుకుందేమో.

పదకొండింటికి గురుమూర్తి ఫోను వచ్చింది.

"పేజీ శానా అందంగా ఉండాది మా. మా డాక్టరమ్మ కూడా సూసింది. కానీ మా కాడికి వచ్చేది ఎవురు? కండ్లు కనపడనోళ్ళు. నువ్వేమో తెల్ల దాని మీద బూడిద రంగు అక్షరాలు పెట్టినావు. ఫోన్ నెంబరు బొమ్మలో కలిపేసినావు, నొక్కితే పోదు."

ఫెబాకు తప్పెక్కడో అర్థమైంది. చీరల కొట్టుకు నప్పిన నమూనానే ఇక్కడా వాడింది. చూడ్డానికి నాజూగ్గా ఉంటుందని సన్నటి అక్షరాలు పెట్టింది. ఫ్రిజ్ మీది మొదటి నియమాన్ని తానే మరిచిపోయింది.

"సాయంత్రం నాలుగింటికి డాక్టరమ్మ మళ్ళా సూస్తుంది. అంతలోపల సరి చేసి, మీ ఇంట్లో అరవై దాటినోళ్ళు ఎవరన్నా ఉంటే వాళ్ళ చేతికిచ్చి సూడు. వాళ్ళు చదివితే మా పేషెంట్లు చదివినట్టే. లేదంటే బెంగళూరోళ్ళకు ఇచ్చేస్తాం, ఏమనుకోవద్దు."

ఆమె బాధపడుతూ కూర్చోలేదు. అక్షరాలు పెద్దవి చేసి, నల్లగా, దిట్టంగా మార్చింది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి, ఇంగ్లీషుకు సరిపోయే జాగా దీనికి చాలదు. అందుకే వరుసల మధ్య ఎడం పెంచింది. ఫోన్ నెంబరును బొమ్మలోంచి తీసి, తెర వెడల్పంత పచ్చ బటన్ చేసి, దానిమీద "ఆసుపత్రికి ఫోన్ చేయండి" అని రాసింది. రెండయ్యేసరికి పేజీ కొత్తగా తయారైంది. బాగా వచ్చిందని ఆమెకే తెలుస్తోంది.

ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. "అత్తా, ఇది ఒక్కసారి చదువు."

"పప్పు పొయ్యి మీద ఉండాది మా. మళ్ళా సూస్తాలే."

"మళ్ళా కాదు, ఇప్పుడే. రెండు లైన్లే."

"నాకేం తెలుస్తాది ఫెబా, యాల ఇసిగిస్తావు? నువ్వు చేసినావంటే బాగానే ఉంటాది."

పొద్దున్నుంచి దాచుకున్న మాట ఫెబా అనేసింది. "పొద్దున ఆరిపోయిన తెరను సూసి బాగుండాదన్నావు అత్తా! నీ కూతురు షైలజ వదిన ఫోటో పంపితే గంటసేపు పట్టుకోని కూసుంటావు. వదిన బీటెక్ చదివింది, నేను ఇంటర్ దాటలేదు. అందుకేగదా నా పని నీ కంటికి ఆనదు?"

పుష్పమ్మ గరిటె కింద పెట్టింది. "ఏం మాటలే అవి? నిన్ను నేను ఎప్పుడన్నా చదువు లేనిదానివని అన్నానా?"

"అనలేదు. అనకుండానే తెలుస్తాంది."

"యాడ తెలుస్తాంది? నీ నెత్తిలోనా?"

ఇద్దరి మధ్యకు హెప్సి దూరింది. గొడవ ఆపడానికి కాదు, తన గొప్ప చెప్పుకోడానికి.

"అమ్మా, అవ్వకు ఈ పక్క కనపడదు" అని పుష్పమ్మ కుడి చెయ్యి లాగింది. "నేను ఈ పక్క నిలబడుకుంటే కనుక్కోనేలేదు. దాగుడుమూతల్లో రోజూ నేనే గెలుస్తా! షైలజత్త ఫోటో వస్తే కూడా యెవురుండారు, ఏం చీర కట్టుకోనుండారు అని నేనే చెప్తా."

పుష్పమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

ఫెబా పొయ్యి ఆపి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. ఎడమ కంటికి తన అరచెయ్యి అడ్డం పెట్టి, ఫోను ఎదురుగా పట్టుకుంది. "ఇక్కడ ఏముండాది అత్తా?"

"తెల్లగా ఉండాది."

"అక్షరాలు?"

"పొగ మా. అంతా పొగ." ఆమె గొంతు సన్నబడింది. "ఎడమ కన్ను కూడా మసకే. దగ్గరగా పెట్టుకుంటే కొంచిం తెలుస్తాది."

"ఎన్నాళ్ళనుంచి?"

"పోయిన ఎండాకాలం నుంచి."

"ముప్పై ఏండ్లు ఆసుపత్రిలో చేసినావు! ఎంతమందిని కంటి డాక్టరు కాడికి చెయ్యి పట్టుకోని తీసకపోయినావు! మాకు చెప్పకుండా యాల దాచినావు?"

"చెప్తే పాపను నా కాడ ఇడుస్తావా?" పుష్పమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కనపడని ముసలిదాని కాడ బిడ్డను యాల ఇడుస్తావు? ఆ లాప్‌టాప్ మూసేసి బిడ్డెనకాల తిరుగుతావు. ఇప్పుడిప్పుడే నలుగురు నిన్ను ఎతుక్కోని వస్తాండారు. నా కన్ను వల్ల నీ పని ఆగిపోవల్నా?"

తన పనిని చూడడం లేదనుకున్న మనిషి, ఆ పని ఆగకూడదని తన చూపునే దాచుకుంది. ఆమె నేలమీద కూర్చుని అత్త ఒడిలో ముఖం పెట్టుకుంది. పుష్పమ్మ చెయ్యి ఆమె తల మీద వాలింది. ఈసారి ప్రార్థన ఏమీ చేయలేదు, ఊరికే నిమిరింది.

"లెయ్యి మా. నాలుగింటికి సూపియ్యాలన్నావు గదా?"

ఫెబా కళ్ళు తుడుచుకుని ఫోనును ఆమె ఎడమ కంటికి దగ్గరగా పట్టుకుంది. పుష్పమ్మ పెదాలు కదిలిస్తూ కూడబలుక్కుంది. "ఆ... సు... పత్రికి... ఫోన్... చేయండి." ఒక్కో అక్షరం ఆమె నోట్లోంచి వస్తుంటే ఫెబా కూడా పెదాలు కదిపింది.

"చదివినావు గదా, ఇంక నొక్కు."

"నిజంగానే పోతాదా?"

"నొక్కు అత్తా."

పుష్పమ్మ బొటనవేలితో గట్టిగా నొక్కింది. రెండు రింగుల తర్వాత గురుమూర్తి గొంతు వినిపించింది. "నమస్తే, కంటి ఆసుపత్రి."

"అప్పా, మా కోడలు చేసిన దాంట్లో పచ్చది ఉంటే నొక్కినా" అంది పుష్పమ్మ. "నాకు అరవై నాలుగేండ్లు. చదివినా, నొక్కినా, నువ్వు పలికినావు. పని బాగనే చేసింది. ఇంగ నా కుడి కన్ను సూడాల, ఎప్పుడు రావల్ల?"

గురుమూర్తి పెద్దగా నవ్వాడు. "రేపు పొద్దున్నే రాండమ్మా. మీ కోడల్ని కూడా తీసుకోని రాండి. ఇంగ డాక్టరమ్మ చూడాల్సింది కూడా ఏమీ లేదు, పేజీ ఓకే అయిపోయినట్టే."

మరునాడు బ్లెస్సన్ బస్సులోనే ముగ్గురూ కుప్పం వెళ్ళారు. శుక్లం బాగా ముదిరిందని, తీసేస్తే చూపు వస్తుందని, ఇంకా ఆలస్యం చేసి ఉంటే కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. ఫెబాను ఏం చదివావని మాత్రం ఆమె అడగలేదు. "వచ్చే పేషెంట్లు బటన్ నొక్కడానికి భయపడకుండా ఇంకేం చేయొచ్చు?" అని అడిగింది. ఫెబా తడుముకోకుండా మూడు సంగతులు చెప్పింది.

ఈ కథ చదివినవాళ్ళకు ఒక మనవి. మీ ఇంట్లో, లేదంటే పక్కింట్లో, ఏది చూపించినా "బాగుండాది లే" అనే పెద్దావిడో పెద్దాయనో ఉంటే, ఈ రోజే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ముందు ఒక కన్ను, తర్వాత రెండోది మూయించి, ఒక్క లైను చదివించండి. వాళ్ళు ఏం చదివారో కాదు, ఎక్కడ ఆగిపోయారో చూడండి.