ఊపిరి బిగబట్టండి

నూజివీడు బస్టాండు పక్క సందులో భావనారాయణ ఫోటో స్టూడియో ఉండేది. ఆయన పనిలో దిట్టే, నోరు మాత్రం మంచిది కాదు. ఫోటో మసకగా వస్తే తప్పు ఎప్పుడూ తనది కాదు, కూర్చున్నవాళ్లది. "నువ్వు కదిలావమ్మా, నేనేం చేసేది?" అని మొహం మీదే అనేసేవాడు. శవాల ఫోటోలంటే మటుకు మహా సరదా. వాళ్లు కదలరు, బాగా రాలేదని పేచీ పెట్టరు అని టీకొట్టు దగ్గర చెప్పుకుని నవ్వేవాడు.

ఎనభై నాలుగు మే నెల. తోటల్లో మామిడికాయల కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. సాంబయ్య అనే ముసలాయన సైకిలేసుకుని స్టూడియోకి వచ్చాడు. అతని కొడుకు పోతురాజు పొద్దున కాయ కోస్తూ చెట్టు మీంచి పడ్డాడట. ఆరెంపీ డాక్టరు నాడి చూసి, పోయాడని చెప్పి వెళ్లాడు. పోతురాజుది కుర్ర వయసు. ఇంట్లో అతని ఫోటో ఒక్కటీ లేదు. భార్య నాగమణి కడుపుతో ఉంది.

"పుట్టే బిడ్డకి నాన్న మొహం చూపించుకోవాలంటందండీ మా కోడలు. పొద్దుగూకేలోగా మట్టి చేసెయ్యాలి. తొందరగా రండి బాబూ."

సాయంత్రం హనుమాన్ జంక్షన్లో భావనారాయణకి పెళ్లి రిసెప్షన్ ఒకటుంది. గొణుక్కుంటూనే కెమెరా భుజాన తగిలించుకున్నాడు.

తోటలో ఆకు కదలడం లేదు. కొమ్మల కింద పట్టపగలే మునిమాపులా ఉంది. మామిడిసొన వాసన, మగ్గిపోయిన పళ్ల వాసన, ఈగల రొద. పాక ముందు పోతురాజుని కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా తువ్వాలుతో కట్టారు. కళ్లు మూసుకుని ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పక్కన నాగమణి నిలబడింది.

మొహం పెద్దదిగా రావాలని భావనారాయణ బాగా దగ్గరికి జరిగాడు. ఆ కెమెరాలోంచి చూస్తే మధ్యలో చిన్న వలయం ఉంటుంది. ఫోకస్ కుదరకపోతే అందులో మొహం అడ్డంగా రెండు ముక్కలై, కింది ముక్క పక్కకి జరిగి కనిపిస్తుంది. రింగు తిప్పి రెండింటినీ కలపాలి. కలిశాయనగానే నొక్కాలి.

కలిపాడు. నొక్కబోయేలోగా విడిపోయాయి.

"చెయ్యి తియ్యమ్మా. ఊపేస్తున్నావు."

"నేను ముట్టుకోలేదండీ..."

కెమెరాని స్టాండుకి బిగించాడు. మళ్లీ కలిపి, రింగు మీంచి చెయ్యి తీసేశాడు. ముక్కలు విడిపోయాయి... వాటంతటవే కలిశాయి... నెమ్మదిగా మళ్లీ విడిపోయాయి...

ఇది ఆయనకి తెలియని సంగతి కాదు. బతికున్న మనుషుల్ని కూర్చోబెట్టి రోజూ చూసేదే.

ఊపిరి.

చెప్పొచ్చు. చెప్పాక తీరా కాకపోతే ఊరంతా నవ్వుతారు. నిజమే అయితే ఆస్పత్రి, బండి, నానా గొడవ. రిసెప్షన్ చెయ్యి జారిపోతుంది. నాగమణి ఆయన వంకే చూస్తోంది. ఆయన కెమెరా మీంచి తల ఎత్తలేదు. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ ఒక మాట మాత్రం గొణిగాడు.

"ఊపిరి బిగబట్టండి..."

రెండు ముక్కలూ కలిశాయి. అలాగే ఉండిపోయాయి.

నొక్కాడు. నొక్కాక ఎవరికైనా "వదిలెయ్యండి" అని చెప్పడం ఆయనకి మామూలు. ఆ రోజు చెప్పలేదు. సామాను సర్దుకుని గబగబా నడిచాడు. తోట దాటుతుంటే వెనక డప్పులు మొదలయ్యాయి.

మర్నాడు డార్క్‌రూములో ఎర్రబల్బు కింద ఫోటో కాగితాన్ని మందునీళ్ల ట్రేలో ముంచాడు. పోతురాజు మొహం మెల్లగా తేలింది. రెప్పల మీద వెంట్రుకలు కూడా విడివిడిగా ఉన్నాయి. అంత షార్పుగా ఆయన జన్మలో తీయలేదు. కానీ నోరు తెరుచుకుని లేదు. పెదాలు బిగుసుకుని ఉన్నాయి. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.

భావనారాయణ ట్రే మీదికి వంగాడు.

"వదిలెయ్యి..." అన్నాడు. "వదిలెయ్యి నాయనా..."

మెడ వెనక వెచ్చగా గాలి తగిలింది. పచ్చిమట్టి వాసన. ట్రేలో మొహం చెదిరిపోయి మసకైంది. తువ్వాలు ముడి, కుర్చీ చేతులు అలాగే ఉన్నాయి. నెగెటివ్ తీసి బల్బుకి అడ్డం పెట్టి చూశాడు. అందులోనూ మొహం లేదు.

దినాలయ్యాక ఫోటో కోసం నాగమణి వచ్చింది. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఈయన మొహం ఏదండీ?"

భావనారాయణ నోటికి అలవాటైన మాటే వచ్చింది. "కదిలాడమ్మా, నేనేం చేసేది?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆమె ఏడవలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"మీరు చూశారన్నమాట..."

ఆమె ఫోటో కౌంటరు మీదే వదిలేసి వెళ్లిపోయింది.

ఆయన తలుపు గడియ వేశాడు. స్టాండు మీద కెమెరా, ఎదురుగా ఖాళీ కుర్చీ. చూడకూడదనుకుంటూనే కన్ను ఆనించాడు. వలయంలో కుర్చీ వెనక నిలువుబద్ద రెండు ముక్కలైంది... కలిసింది... మళ్లీ విడిపోయింది...

మూసిన గదిలో ఎవరో చాలా మర్యాదగా అన్నారు.

"ఊపిరి బిగబట్టండి."

భావనారాయణ బిగబట్టాడు. వదలమని చెబుతారేమోనని చూస్తున్నాడు...